నలభైకి దగ్గరపడ్డాక మళ్లీ సంగీతం మొదలుపెట్టొచ్చా? నా సమాధానం

ముందు ప్రశ్న ఏంటో క్లుప్తంగా చెప్పేస్తా, తర్వాత చదివేవాళ్లకి అర్థం కావాలి కదా. అల్లూరు పక్కన ఉండే ఒకమ్మాయి అడిగింది. వయసు 39. పెళ్లికి ముందు నెల్లూరులో డిగ్రీ చదువుతూ వర్ణాల దాకా, అంటే తొలి పాఠాలు దాటి కృతులకి ముందు మెట్టు దాకా, గాత్రం నేర్చుకుంది, పెళ్లితో ఆగిపోయింది. ఇంటాయనకి రొయ్యల గుంటలు, పెద్దబ్బాయి పదో తరగతి, పాప ఏడో తరగతి, ఇంట్లో అత్తగారు. మళ్లీ పాడాలని ఉంది. ఆయన్ని అడిగితే "నేర్చుకో, నేనేమన్నా వద్దన్నానా" అంటాడు గానీ సరిగ్గా కూర్చునే టైముకి ఏదో ఒక పని చెబుతాడు. అత్తగారేమో "పదో క్లాసు పిల్లోడున్న ఇంట్లో ఇప్పుడెందుకీ పాటలు" అంటారు. చెల్లెలు యూట్యూబ్ ఛానెల్ పెట్టు, డబ్బులన్నా వస్తాయంటోంది. తను అడిగినవి మూడు. ఇది స్వార్థమా? ఈ వయసులో గొంతు తిరిగొస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను నెల్లూరు మూలాపేటలో చాలా ఏళ్లుగా గాత్రం చెబుతున్నాను. సాయంత్రాలు పిల్లలొస్తారు, పగటిపూట పెద్దవాళ్లు. ఆ పెద్దవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే, టీచర్లు, బ్యాంకులో పనిచేసేవాళ్లు, ఇంటిపట్టున ఉండేవాళ్లు, రిటైరైనవాళ్లు, కోవూరు నుంచి, బుచ్చి నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు. కాబట్టి ఈ ప్రశ్న నాకు బాగా తెలిసినదే.

అమ్మాయ్, నాకంటే చానా చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోవద్దు. నీ మూడు ప్రశ్నల్లో గొంతు సంగతి అన్నిటికంటే తేలిక, దాని గురించి కింద వివరంగా రాస్తాను. కష్టమైంది నువ్వు అడగని నాలుగోది. రోజులో ఆ ముప్పావు గంట ఎక్కడి నుంచి వస్తుంది, వచ్చినదాన్ని ఎవరు కాపాడతారు? నా దగ్గర చేరి మానేసినవాళ్లలో గొంతు పలకక మానేసినవాళ్లు చాలా తక్కువ. టైము నిలబెట్టుకోలేక మానేసినవాళ్లే ఎక్కువ.

మీ ఆయన "వద్దన్నానా" అన్నది అబద్ధం కాదు, నిజంగానే వద్దనలేదు. కానీ సరే అనడం వేరు, టైము వదిలిపెట్టడం వేరు. కేంద్ర గణాంక శాఖ వాళ్లు మనుషులు రోజును ఎలా గడుపుతున్నారని దేశమంతా సర్వే చేశారు. 2019లో చేసినప్పుడు ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు దానికే పెడుతున్నారని, మగవాళ్లలో ఇంటిపని చేసేవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2024లో మళ్లీ చేస్తే 289, 88 వచ్చాయి. అంటే అయిదేళ్లలో మనకి కలిసొచ్చింది రోజుకి పది నిమిషాలు. పిల్లల్ని, పెద్దవాళ్లని చూసుకునే పని ఇందులో లేదు, అది విడిగా లెక్కపెట్టారు. నాకు టైము మిగలడం లేదు, నాకే చేతకావడం లేదేమో అని రాశావే, అది నీ చేతకానితనం కాదమ్మా. ఏ ఇంట్లోనూ అది మిగలదు. పనులన్నీ అయ్యాక పాడుకుందాం అనుకుంటే పనులు అయ్యే రోజు రాదు, చీటీ డబ్బులాగా ముందే తీసి పక్కన పెట్టుకోవాల్సిందే.

ఏ టైము? గుంటలున్న ఇళ్లు మా బంధువుల్లో ఉన్నాయి, ఆ ఇళ్ల సంగతి నాకు తెలుసు. రాత్రి కరెంటు పోతే నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగిపోతాయి, తెల్లవారుజామున అసలే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోయే వేళ, మూడుకో నాలుగుకో లేచి జనరేటర్ కోసం పరిగెత్తాలి. ఆయన లేస్తే నువ్వూ లేస్తావు. ఆ తర్వాత కాఫీలు, టిఫిన్లు, పిల్లల బస్సు, గుంట మీద మనుషులకి క్యారియర్లు. సంగీతం చెప్పేవాళ్లందరూ తెల్లవారుజామున సాధన చెయ్యమంటారు, మా గురువుగారూ అదే చెప్పారు, ఆ వేళ మంచిదే. కానీ ఆ వేళ ఇల్లంతా నీ చేతుల మీద నడుస్తుంటే దాని మీద సాధన కూడా పెట్టుకుని నాలుగు రోజులు లేస్తావు, అయిదో రోజు నీరసపడి మానేస్తావు, మానేసినందుకు మళ్లీ నిన్ను నువ్వే తిట్టుకుంటావు. అదొద్దు. పిల్లలు బడికి వెళ్లి, టిఫిన్ల పని సర్దుకుని, మధ్యాహ్నం వంట మొదలుపెట్టకముందు ఒక సందు ఉంటుంది, పదిన్నర ప్రాంతం. ఆ ముప్పావు గంట తీసుకో. రొయ్యలు పట్టే పట్టుబడి రోజులు వదిలెయ్, ఆ రోజు ఇంట్లో ఎవరి టైమూ ఎవరి చేతిలోనూ ఉండదు.

ఆయన్ని "నేర్చుకోనా" అని ఇంకోసారి అడగొద్దు. ఒకసారి సరే అన్నాడు, అక్కడితో అయిపోయింది. "రోజూ పదిన్నర నుంచి పదకొండుంపావు దాకా నేను పాడుకుంటాను, ఆ టైములో ఫోనెత్తను, గ్యాసు సిలిండర్ వస్తే అత్తయ్య తీసుకుంటారు" అని మామూలు గొంతుతో చెప్పు. కోపంగా చెబితే గొడవవుతుంది, బతిమాలుతూ చెబితే రేపు ఇంకోసారి బతిమాలాల్సొస్తుంది. మొదటి పదిహేను రోజులు ఎలాగూ పిలుస్తారు. పగబట్టి పిలవరు, ఇన్నేళ్లుగా పిలిస్తే పలికిన మనిషివి కాబట్టి నోటికి అలవాటు. తలుపు వేసుకో, మొదలుపెట్టిన వరుస పూర్తిచెయ్, పదకొండుంపావుకి లేచి వెళ్లి "ఏంటి పిలిచారు" అని అడుగు. చాలాసార్లు ఆపాటికి ఆ పని వాళ్లే చేసేసుకుని ఉంటారు. ఒంట్లో బాగాలేక పిలిస్తే అది వేరు, ఆ తేడా నీకు గొంతులోనే తెలిసిపోతుంది.

అత్తగారి మాటకొస్తే, ఆమె భయంలో అర్థం లేకపోలేదు. మార్చిలో పరీక్షలయ్యేదాకా పదో తరగతి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ టెన్షనే. కానీ పదిన్నరకి పిల్లోడు బడిలో ఉంటాడు, వాడి చదువుకి దీనివల్ల పోయేదేమీ లేదు, ఆ ఒక్క మాట ఆమెకి నెమ్మదిగా చెప్పు. నాకనిపించేది ఏంటంటే, పాట కంటే ఎక్కువగా నువ్వు చేతికి అందకుండా పోతావేమో అని ఆమె దిగులు. ఆ వయసువాళ్ల దగ్గర పాటలుంటాయి, నువ్వెప్పుడన్నా అడిగావా? నలుగు పెట్టేటప్పుడు పాడేవి, పేరంటాల్లో హారతి పాటలు, పిల్లల్ని ఉయ్యాల్లో వేసి పాడేవి. అడిగి పాడించుకో, ఫోనులో రికార్డు చేసుకో. ఆమెని మంచి చేసుకోవడానికని అడగొద్దు, పెద్దవాళ్లు అది ఇట్టే పసిగడతారు. ఆ పాటలు ఆమెతో పోతే నీకు ఎక్కడా దొరకవు, అందుకు అడుగు. కోవూరు నుంచి వచ్చే ఒకామె అలా అడిగింది, ఇప్పుడు అత్తాకోడళ్లిద్దరూ కూర్చుని నోటుబుక్కులో రాసుకుంటున్నారు. బుచ్చి నుంచి వచ్చే ఇంకొకామె అత్తగారు మాత్రం ఈరోజుకీ మారలేదు, క్లాసుకి బయల్దేరిన ప్రతిసారీ ఏదో ఒకటి అంటూనే ఉంటారట. ఆమె వస్తూనే ఉంది, కృతులు పాడుతోంది. అందరూ మారతారని నేను చెప్పను. వాళ్లు మారేదాకా నువ్వు ఆగాల్సిన పని లేదని మాత్రం చెబుతాను.

ఇప్పుడు స్వార్థమా అన్న ప్రశ్న. మీ ఆయన సాయంత్రాలు ఫ్రెండ్స్‌తో షటిల్ ఆడి వస్తాడని రాశావు. అది స్వార్థమేమో అని ఆయన ఎప్పుడూ అనుకుని ఉండడు, అనుకోవాల్సిన అవసరమూ లేదు, రోజంతా గుంటల మీద తిరిగిన మనిషికి అది కావాలి. నీకూ కావాలి. ఆయన షటిల్‌కి ఎవరూ కారణం అడగరు, నీ పాటకి మాత్రం అడుగుతారు, నువ్వు కూడా నిన్ను అడుగుతున్నావు.

మన జిల్లాలోనే చూడు. పొణకా కనకమ్మ గారు 1892లో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్లి, బడి చదువు లేదు. పొట్లపూడిలో అత్తగారింట్లో ఉంటూ తనంతట తాను చదువుకున్నారు, కవిత్వం రాశారు. తర్వాత స్వాతంత్ర్య ఉద్యమంలోకి వెళ్లి జైలుకి కూడా వెళ్లారు, 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. నెల్లూరులో చదువుకున్నదానివి, ఆ బడి నీకు తెలిసే ఉంటుంది. కానీ ఆ తొలిరోజుల్లో పుస్తకం పట్టుకున్న ఆ కోడలిని "ఇది దేనికి పనికొస్తుంది" అని ఎవరన్నా అడిగి ఉంటే ఆమె మాత్రం ఏం చెప్పగలిగేవారు? చదవాలనిపించింది, చదివారు.

మన జిల్లాలోనే దూబగుంట అనే ఊరి సంగతీ అంతే. 1990 తర్వాత జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, పగలంతా కూలికెళ్లొచ్చిన ఆడవాళ్లు రాత్రిబడిలో కూర్చుని అక్షరాలు దిద్దారు. ఈ వయసులో నీకు చదువెందుకే అన్నవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు. అలా కూర్చున్న చోటే మొగుళ్ల సారా గురించి మాట్లాడుకున్నారు, ఊళ్లో సారా కొట్టు మూయించారు, రోశమ్మ గారి లాంటివాళ్లు ముందు నిలబడ్డారు, అది జిల్లా అంతా పాకి రాష్ట్రం మొత్తం కదిలింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది.

ఇవి చెప్పి, నీ పాట వల్ల కూడా రేపు ఏదో పెద్ద పని జరుగుతుందని ఆశ పెట్టడం లేదు. జరక్కపోవచ్చు. కనకమ్మ గారు బడి పెట్టకపోయినా ఆమె చదువుకున్నది ఆమెదే. సారా ఆగకపోయినా ఆ ఆడవాళ్లు నేర్చుకున్న అక్షరం వాళ్లదే. తల్లి పాడితే పిల్లలకి ఆదర్శం అని, నువ్వు సంతోషంగా ఉంటే ఇల్లంతా బాగుంటుందని చాలామంది చెబుతారు, మంచి మనసుతోనే చెబుతారు. నేనా దారిలో వెళ్లొద్దంటాను. ఎందుకంటే పాటకి అలాంటి కారణం కట్టావనుకో, రేపు పిల్లోడికి మార్కులు తగ్గినా, ఇంట్లో ఒకరికి జబ్బు చేసినా, ఆ కారణం చెల్లకుండా పోతుంది, దాంతోపాటు పాటా పోతుంది. నాకు పాడాలని ఉంది. ఇంతే చెప్పు, ఎవరడిగినా ఇంతే. మొదట్లో నోరు తిరగదు, చెప్పగా చెప్పగా వస్తుంది.

చెల్లెలు చెప్పిన యూట్యూబ్ గురించి. ఆ అమ్మాయి నీ మంచికే చెప్పింది, ఛానెల్ పెట్టడం తప్పూ కాదు, కానీ ఇప్పుడొద్దు. గొంతు ఇంకా కుదురుకోకముందే వీడియో పెడితే రెండు వారాల్లో వ్యూస్ చూసుకోవడం మొదలవుతుంది, జనం ఏ పాటకి లైక్ కొడతారో ఆ పాటే పాడతావు, మొదట్లో నేర్పే స్వరాల పాఠాలు, ఆ సరళీ వరుసలు, ఎవరూ వినరు కాబట్టి అవి మానేస్తావు. నీకు కావాల్సిందేమో అవే. ఒక ఏడాది పోనీ, అప్పుడు పెట్టాలనిపిస్తే పెట్టు.

"ఆదాయం వచ్చేది ఏదన్నా నేర్చుకోరాదూ" అని ఇంకొంతమంది సలహా ఇచ్చారని రాశావు. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే ఆడవాళ్లున్నారు, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చెంచా చేతిలోకి తీసుకుంటే చెక్కిన మనిషి ఎంత శ్రద్ధ పెట్టిందో తెలుస్తుంది. కానీ అది వాళ్ల బతుకుతెరువు, సరుకు అమ్ముడుపోకపోతే ఎంత ఇష్టమున్నా పని ఆగిపోతుంది. నీ పాట ఇవాళ డబ్బు తెచ్చిపెట్టాల్సిన అవసరం లేదు. అది ఎంతోమందికి లేని వెసులుబాటు, దాన్ని నీ చేతులతో నువ్వే ఎందుకు తీసెయ్యడం? నీకు నిజంగా సొంత సంపాదన కావాలంటే అదీ మంచి కోరికే, దాని గురించి విడిగా అడుగు, కుట్టుపనో ట్యూషన్లో మాట్లాడుకుందాం. రెండూ ఒకదాంట్లో కలిపితే ఏదీ సరిగ్గా రాదు. ఇంకొక్క మాట. గురువు ఫీజు నీ చేతిలో ఉండే డబ్బుతోనే కట్టు, ఎంత చిన్నదైనా. ప్రతి నెలా ఆయన్ని అడిగి తీసుకుంటే ప్రతి నెలా లెక్క చెప్పాల్సొస్తుంది. అలాగని డ్వాక్రా గ్రూపులో లోను తీసి మాత్రం దీనికి పెట్టొద్దు, కిస్తీ కట్టే టెన్షన్‌తో పాట నడవదు.

ఇక గొంతు. వస్తుంది, అనుమానం వద్దు, కానీ వచ్చేది పందొమ్మిదేళ్ల గొంతు కాదు, ఇప్పటి నీ గొంతు.

దాదాపు అందరూ శ్రుతి దగ్గరే, అంటే షడ్జం (స) ఎంత ఎత్తులో పెట్టుకోవాలన్న దగ్గరే, పొరపాటు చేస్తారు. అప్పట్లో ఐదున్నర శ్రుతిలోనో ఆరు శ్రుతిలోనో పాడి ఉంటావు. అదే పెట్టుకుని మొదలుపెడతావు, తారషడ్జం, అంటే పై స, దగ్గరికి వెళ్లేసరికి గొంతు బిగుసుకుపోతుంది, నా గొంతు పోయిందని ఏడుస్తావు. వయసు పెరిగేకొద్దీ ఆడవాళ్ల గొంతు కొంచెం కిందికి దిగుతుంది, అది సహజం. ఐదుకి దిగు. అదీ ఎక్కువనిపిస్తే నాలుగున్నర. పరీక్ష ఏంటంటే, కింద మంద్రస్థాయి పంచమం (కింది ప) గాలిలో కలిసిపోకుండా స్పష్టంగా వినపడాలి, పైన తారస్థాయి గాంధారం (పై గ) మెడ నరాలు బిగించకుండా అందాలి. ఈ రెండూ కుదిరిన చోటే నీ శ్రుతి. తగ్గించి పాడటం చిన్నతనం అనుకునేవాళ్లున్నారు, ఆ మాట పట్టించుకోవద్దు, పాతికేళ్లకి పైగా కచేరీలు చేసినవాళ్లు కూడా వయసొచ్చాక శ్రుతి తగ్గించుకుంటారు. తంబూరాకి ఫోనులో ఉచిత యాప్‌లున్నాయి, అది చాలు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకో, లేకపోతే పాడుతుండగా కాల్స్ వస్తాయి.

మొదటి నెల వర్ణం జోలికి పోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నా, ఎందుకంటే నోటికి వచ్చు కాబట్టి పాడెయ్యాలనిపిస్తుంది. సాహిత్యం, స్వరాలు గుర్తుంటాయి గానీ ఊపిరిలో బలం ఉండదు. మొదటి పది నిమిషాలు షడ్జం పట్టుకుని "ఆ" అంటూ ఆకారంలో నిలబెట్టు, ఊపిరి ఉన్నంతసేపు, వణకకుండా. అక్కడి నుంచి ఒక్కో స్వరం దిగుతూ మంద్ర పంచమం దాకా వెళ్లి అక్కడా నిలబడు. తర్వాత మాయామాళవగౌళలో సరళీ వరుసలు, మొదటి కాలంలో నిదానంగా, రెండో కాలంలో దానికి రెట్టింపు వేగంతో. మూడో కాలానికి తొందర లేదు. ఈ రాగంతోనే ఎందుకు మొదలుపెట్టిస్తారంటే, రిషభం షడ్జాన్ని ఆనుకుని ఉంటుంది, గాంధారం మధ్యమం పక్కన, ధైవతం పంచమం పక్కన, నిషాదం పై షడ్జం పక్కన ఉంటాయి. కింది సగం ఎలా ఉందో పై సగం అలాగే ఉంటుంది. దగ్గర స్వరం, దూరపు స్వరం రెండూ చెవికి పడతాయి, ఎక్కడ తప్పినా వెంటనే తెలిసిపోతుంది. ఈ క్రమం పురందరదాసు వారు ఏర్పాటు చేశారని మన సంప్రదాయం, ఇన్ని వందల ఏళ్లయినా దాదాపు అందరూ దీంతోనే మొదలుపెట్టిస్తున్నారు. రెండో నెల ఒక్కో స్వరం రెండేసిసార్లు వచ్చే జంట వరుసలు పట్టుకో, గొంతుకి బలం వచ్చేది వాటితోనే, ప్రతి జంటలో రెండో స్వరాన్ని కాస్త ఒత్తి పాడాలి. తర్వాత ఏడు తాళాల అలంకారాలు, చేత్తో తాళం వేస్తూ.

రోజూ ముప్పావు గంట చెయ్. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా వారమంతా వదిలెయ్యడం వల్ల గొంతు రాసుకుపోవడం తప్ప ఏమీ రాదు.

ఒక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే దెబ్బతింటావు. మొదటి రెండు మూడు నెలలు నువ్వు అనుకుంటున్న సంతోషం ఉండదు. నీ చెవి వర్ణాల దగ్గరుంది, గొంతు సరళీల దగ్గరుంది, ఈ రెండింటి మధ్య ఉన్న దూరం రోజూ వినాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈ బాధ లేదు, వాళ్లకి తప్పు వినపడదు. నీకు వినపడుతుంది, అదే నీ చెవి ఇంకా బాగుందనడానికి గుర్తు. చాలామంది సరిగ్గా ఇక్కడే "నాకింక రాదులే" అని ఆపేస్తారు, ఇంట్లోవాళ్లు కూడా "చెప్పాం కదా" అంటారు. అందుకే మొదటి రోజు పాడింది ఫోనులో రికార్డు చేసి దాచిపెట్టు, అప్పుడే వినొద్దు. మూడు నెలలయ్యాక అదీ, ఆ రోజు పాడిందీ పక్కపక్కన పెట్టి విను. మార్పు ఎంతో నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

గొంతు బొంగురు మూడు వారాలకి మించి తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించు, మిరియాల పాలతో నెలలు నెట్టొద్దు. ఈ వయసు ఆడవాళ్లలో థైరాయిడ్ సమస్య ఎక్కువ, దానివల్ల గొంతు బరువెక్కుతుంది, రక్తపరీక్షతో తెలిసిపోతుంది. రాత్రి ఆలస్యంగా తిని వెంటనే పడుకునేవాళ్లకి అసిడిటీ వల్ల కూడా పొద్దున గొంతు పట్టేసినట్టుంటుంది. గుంటల మీద నుంచి ఆయన వచ్చేదాకా తినకుండా కూర్చునే అలవాటుంటే అది మార్చుకో, ఆకలైనప్పుడు నువ్వు తినెయ్.

గురువు విషయంలో, ఫోనులో క్లాసులు నీ పరిస్థితికి పనికొస్తాయి, కానీ వాటికి ఒక హద్దుంది. శబ్దం కొంచెం ఆలస్యంగా వెళ్తుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడలేరు, గురువు పాడితే నువ్వు తిరిగి పాడటమే. తప్పులు దిద్దడానికి సరిపోతుంది. ఒకరి గొంతులో గొంతు కలిపి పాడితే శ్రుతి ఎలా నిలబడుతుందో, అది ఎదురుగా కూర్చుంటేనే వస్తుంది. కుదిరితే వారానికి ఒకసారి ఫోనులో, నెలకి ఒకటి రెండుసార్లు నెల్లూరు వచ్చి ఎదురుగా. అల్లూరు నుంచి రానుపోను సగం పూట పోతుంది, ఆ సగం పూటని క్యాలెండర్ మీద ముందే రాసిపెట్టు. చేరకముందు ఒక క్లాసు ఊరికే కూర్చుని చూడు. పెద్దవాళ్లకి విడిగా టైము ఇస్తారా, తప్పు పాడితే ఎలా దిద్దుతారు, ఈ రెండూ గమనించు. నలభై ఏళ్ల మనిషిని పదేళ్ల పిల్లల ముందు నిలబెట్టి కసిరే చోట చేరొద్దు, వాళ్లు ఎంత విద్వత్తు ఉన్నవాళ్లైనా సరే.

సొంతంగా పాడటం కుదురుకున్నాక నలుగురితో కలిసి పాడే చోటు వెతుక్కో. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన చాలా ఊళ్లలో చేస్తారు, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోని అయిదు కృతులూ అందరూ కలిసి పాడతారు. ఆ వరసలో ఇప్పుడు సగానికి పైగా ఆడవాళ్లు కనిపిస్తారు, ఇది ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటారు చాలామంది. తిరువయ్యారులో ఒకప్పుడు ఆడవాళ్లని ఆరాధనలో పాడనిచ్చేవాళ్లు కాదు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు తన సొంత డబ్బుతో త్యాగరాజస్వామి సమాధి దగ్గర మందిరం కట్టించారు, అయినా ఆమెకే అక్కడ పాడే హక్కు లేదన్నారు. ఆమె 1927లో ఆడవాళ్లందరినీ కూడగట్టి వేరుగా ఆరాధన మొదలుపెట్టారు, తర్వాత పదమూడు పద్నాలుగేళ్లకి గానీ అందరూ ఒక్కటి కాలేదు. నలుగురిలో పాడితే ఏమనుకుంటారో అని నువ్వు రాసిన వాక్యం చదివినప్పుడు నాకు ఆమే గుర్తొచ్చారు. వెనక వరసలో కూర్చుని పాడినా చాలు, వెళ్లు.

చివర్లో నువ్వు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగాను. ఈమధ్య రాత్రిళ్లు ఊరికే ఏడుపొస్తోందని, నిద్ర పట్టడం లేదని. సంగీతం మనసుకి మంచిదే, కానీ అది మందు కాదు. ఇది రెండు వారాలుగా తగ్గకుండా ఉంటే 14416కి ఫోన్ చెయ్, అది టెలీ మానస్ అని ప్రభుత్వ సహాయ నంబరు, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. సాధన, అది రెండూ పక్కపక్కనే నడవొచ్చు, ఒకటి అయ్యాక ఇంకొకటి అని ఆగొద్దు. మీ ఇంట్లో సణుగుడు తప్ప అంతకు మించి ఏమీ లేదని నీ రాతని బట్టి అనిపిస్తోంది. ఇది చదివే వేరేవాళ్ల ఇంట్లో మాత్రం చెయ్యి చేసుకోవడం, ఫోను లాక్కోవడం, గడప దాటనివ్వకపోవడం దాకా ఉంటే పైన నేను చెప్పిన "మామూలు గొంతుతో చెప్పు" అన్న సలహా వాళ్లకి కాదు. వాళ్లు 181కి ఫోన్ చెయ్యాలి, ముందు ఆ సంగతి తేలాలి.

సోమవారం నుంచి మొదలుపెట్టు, మంచిరోజు చూసుకుంటానంటే చూసుకో గానీ ఈ నెల దాటనివ్వొద్దు. ఈలోపు చెయ్యాల్సినవి ఇవి. యాప్ వేసుకుని ఐదులో, నాలుగున్నరలో రెండింటిలోనూ షడ్జం పాడి చూడు. నీ పాత సంగీతం నోటుబుక్కు పుట్టింట్లో ఉందన్నావు కదా, తెప్పించుకో, అమ్మ కట్టిపెట్టిన బస్తాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. పదిన్నర మాట ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పు, ఒక్కొక్కరికి విడివిడిగా వద్దు. సరళీలు రెండో కాలంలో తడుముకోకుండా వచ్చాక నీ శ్రుతి ఎక్కడ కుదిరిందో నాకు రాయి, ఏ వర్ణంతో మొదలుపెట్టాలో అది చూసి చెబుతాను.